పెద్దబాపు పేరున పోయిన బాపు

మా బాపు, అంటే నాన్న, పోయిన ఏడాదే, తొలకరికి ముందు, చెన్నూరు తహసీలు కచేరీలో ఒక గుమాస్తా మా పెద్దబాపు చనిపోయినట్టు చదివి వినిపించాడు. పెద్దబాపు అంటే బాపుకు స్వయానా అన్న. ఆయన ఆ గుమాస్తా ఎదురుగానే, రుమాలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

మేం పోయింది బాపు పేరు మీదున్న పొలాన్ని అవ్వ, అంటే మా అమ్మ పేరు మీదికి మార్పించడానికి. దాన్ని మా వైపు విరాసత్ అంటారు. అది కావాలంటే మనిషి పోయినట్టు కాగితం ఉండాలి. కరీంనగర్ దవాఖానవాళ్ళు ఇచ్చిన ఆ కాగితాన్ని పెద్దబాపు గుడ్డలో చుట్టి, ఇంటి దూలం సందులో నెలల తరబడి దాచిపెట్టాడు. అది ఇంగ్లీషులో ఉంది. మా ఇంట్లో అంతో ఇంతో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలిగింది నేనొక్కదాన్నే, ఏడో తరగతి దాకా చదివాను. కానీ పెండ్లి కావలసిన పిల్ల చావు కాగితం ముట్టుకోవద్దని పెద్దవ్వ, అంటే పెద్దబాపు భార్య, గట్టిగా చెప్పింది. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ముట్టుకుని ఉంటే మాకు అంత తిరుగుడు తప్పేది.

గుమాస్తా మళ్ళీ చదివాడు. పేరు పెద్దబాపుదే. తండ్రి పేరు మా తాతది, అది అన్నదమ్ములిద్దరికీ ఒకటే. ఊరు మాదే.

"గీ పేరుగలాయన యాడున్నడు?" అని అడిగాడు.

"నేనే సారూ."

"నువ్వు సచ్చిపోయినవు గదనయ్యా!"

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. పెద్దబాపు కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. గుమాస్తా మంచివాడే, కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. ఈ కాగితం ప్రకారం బాపు బతికే ఉన్నాడు, కాబట్టి ఆయన పొలం ఆయనదే, ఎవరికీ మార్చే పని లేదు. "గిది దవాఖానోళ్ళు రాసింది. ఆళ్ళే దిద్దాలె. దిద్దకుంటె మీ పని గాదు. పటేలు, పట్వారీ తోని పంచనామా రాయించుకోని కరీంనగరం పోండ్రి," అన్నాడు.

ఆ పొలం తప్ప మాకు ఇంకేం లేదు. వాగు ఒడ్డున ఉన్న వరి పొలం. అవ్వ, నేను, ఇంకా లాగు సరిగా కట్టుకోవడం రాని తమ్ముడు, ముగ్గురం దాని మీదే బతకాలి. బాపు పోయిన నెలకే మా పాలోళ్ళు, దాయాదులే, గెట్టు దాటి మా వైపు నాగలి జరపడం మొదలుపెట్టారు. మొగదిక్కు లేని పొలం అని బావి కాడ ఒకరితో ఒకరు అనుకోవడం నేను విన్నాను. అవ్వ పేరు కాగితం మీద పడేదాకా వాళ్ళను ఆపే దారి లేదని పెద్దబాపుకు తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు బండి పెద్దబాపే తోలాడు. ఊరు దగ్గర పడ్డాక, తప్పు ఎక్కడ జరిగిందో తనే చెప్పాడు. చెప్పేటప్పుడు నా వైపు కూడా చూడలేదు, ఎద్దుల వైపు చూసి చెప్పాడు.

బాపుకు ముందు కడుపులో నొప్పి వచ్చింది. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. పసరు పోయించారు, చేతికి కాటు, అదే వాత, పెట్టించారు, తగ్గలేదు. ఆదిలాబాద్ మా జిల్లా కేంద్రమైనా మాకు బహుదూరం. బొగ్గుబాయి దవాఖాన దగ్గరే ఉంది గానీ అది బాయిలో పనిచేసేవాళ్ళకే. అందుకని మంచిర్యాలలో రైలెక్కించి, పెద్దపల్లిలో దించి, బస్సులో కరీంనగర్ తీసుకుపోయారు. నన్ను తమ్ముడి దగ్గర ఉండమని ఇంట్లోనే వదిలేశారు. అవ్వా, పెద్దబాపూ పోయారు.

దవాఖాన వరండాలో బాపును బల్ల మీద పడుకోబెట్టారు. చీటీ రాసే కిటికీ దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. కిటికీలోని మనిషి ముందు అవ్వను అడిగాడు, నీ పెనిమిటి పేరేమిటని. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగి, పెద్దబాపుకు దారి ఇచ్చింది. మా వైపు ఆడవాళ్ళు పెనిమిటి పేరు తీయరు, తీస్తే ఆయన ఆయుష్షు తగ్గుతుందని భయం. బావ పేరు అసలే తీయరు. బావ ముందు మంచం మీద కూర్చోరు, ఆయన ముందు నోరు విప్పి మాట్లాడరు కూడా. మా అవ్వ కాపురానికి వచ్చినప్పటి నుంచీ పెద్దబాపుతో ముఖాముఖి ఒక్క మాట మాట్లాడింది లేదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే నాతోనో, గోడతోనో చెప్పేది.

పెద్దబాపు కిటికీ ముందుకు పోయాడు. ఆ మనిషి తల ఎత్తకుండా "పేరు?" అన్నాడు. నిజాం జమానా నుంచీ సరిహద్దు నాకాల దగ్గర, కచేరీల ముందు, జవానుల ముందు ఆ ప్రశ్నకు పెద్దబాపు ఒకటే జవాబు చెబుతూ వచ్చాడు. ఇక్కడా అదే చెప్పాడు. తండ్రి పేరు, ఊరు, వయసు, అన్నీ తనవే చెప్పాడు.

"తమ్మున్ని లోపటికి తీస్కుంటరో తీస్కోరో అన్న ఫికర్ల ఉంటి బిడ్డా. ఎవల పేరు అడుగుతుండో సోంచాయించలే," అన్నాడు.

ఆ చీటీ బాపుతో పాటు వార్డులోకి పోయింది. బాపు పోయినప్పుడు ఆ చీటీ చూసే చావు కాగితం రాశారు.

పంచనామాకు పెద్దగా కష్టం కాలేదు. పటేలు ముద్ర వేశాడు. పట్వారీ సంతకం పెడుతూ, "నీకు కర్మలు గుడ ఎప్పుడు చేస్తరే?" అని పెద్దబాపును ఆటపట్టించాడు. ఊరంతా అదే ఆట. పెద్దబాపు బజారున పోతుంటే దయ్యం పోతుందని పిల్లలు ఉరికేవాళ్ళు. ఆయన ఒకటి రెండు రోజులు సరదాగానే తీసుకున్నాడు. తర్వాత బజారుకు పోవడం మానేశాడు.

మేం ముగ్గురం కరీంనగర్ పోయాం. నేను చదువుకున్నదాన్నని నన్ను వెంట తీసుకుపోయారు. కాగితాలు దిద్దే అధికారం పెద్ద డాక్టరుదట. ఆయన కోస్తా వైపు మనిషి, మాట తీరు వేరు. పంచనామా అంతా చదివాడు. పెద్దబాపును చూసి, "మీరెవరు?" అన్నాడు.

"నేను ఆయిన అన్నను సారూ. గీ కాగితంల ఉన్నది నా పేరే."

"ఈ కాగితం ప్రకారం మీరు లేరండీ. లేని మనిషి సాక్ష్యం నేనెట్లా తీసుకోను?"

ఎగతాళికి అన్న మాట కాదు అది. ఆయన నిజంగానే ఇబ్బందిలో పడ్డాడు. అంతకు ముందే ఎవరో పొలం కోసం ఒకావిడతో వేలిముద్ర వేయించి, బతికున్న మొగుణ్ణి చనిపోయినట్టు రాయించారట. ఆ మొగుడు తర్వాత నడుచుకుంటూ వచ్చాడట. అప్పటి నుంచీ ఆయన వేలిముద్రలు నమ్మడం మానేశాడు. చనిపోయిన మనిషి భార్య తన ముందు నిలబడి, ఎవరూ అందించకుండా, పోయింది ఎవరో తన నోటితో చెప్పాలి. అలా చెబితే దిద్దుతాడు.

"చెప్పమ్మా. నీ భర్త పేరేమిటి?"

అవ్వ కొంగు నోటికి పెట్టుకుంది. నేను చెప్పబోయాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"నువ్వు మైనరువి. నువ్వు చెబితే చెల్లదు."

పెద్దబాపు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, తను లేనట్టు. అవ్వ నేల చూస్తూనే ఉంది. డాక్టరు మంచినీళ్ళు తెప్పించాడు. కాసేపు ఆగి మళ్ళీ అడిగాడు. చెమటకు అవ్వ రవిక తడిసిపోయింది గానీ నోట్లోంచి ఊపిరి తప్ప ఏమీ రాలేదు. బయట రోగుల వరస పెరుగుతోంది. ఆయన కాగితాలు నా చేతిలో పెట్టి, "చెప్పగలిగిన రోజున తీసుకురా" అన్నాడు.

తిరుగు రైలులో నేను అవ్వకు ఎడంగా కూర్చున్నాను. ఆ రోజు నాకు అవ్వ మీద ఉన్నంత కోపం ఎవరి మీదా లేదు. ఒక్క మాట అంటే పని అయిపోయేది. అయిదారు అక్షరాల పేరు. వేములవాడ దేవుడి పేరే, మా వైపు ఇంటికొకరికి ఉండే పేరు. అవ్వ ఆ దేవుడి పేరు కూడా తీసేది కాదు, ఎములాడ సామి అనేది. బాపు దవాఖానలో ఉన్నప్పుడు ఆ గుడికి కోడెను కడతానని మొక్కుకుంటూ కూడా పిల్లల బాపును కాపాడమన్నదే గానీ పేరు చెప్పలేదు.

ఇంటికి వచ్చాక అసలు గొడవ మొదలైంది. పని కాలేదని తెలియగానే పెద్దవ్వ వాకిట్లో నిలబడి అందుకుంది.

"దాని పెనిమిటి పేరు దానికి బంగారమాయె. నా పెనిమిటి సచ్చినట్టు కాగితం తిరుగుతుంటె దానికి పట్టదాయె. నా పుస్తె మీద రాసిండ్రు గా కాగితం! మెడల పుస్తె ఉండంగ నన్ను ముండమోపిని చేసిండ్రు!"

అవ్వ లోపల పొయ్యి ముందు కూర్చుని అన్నీ విన్నది.  పెద్దవ్వ చెడ్డది కాదు. బాపు పోయినప్పుడు మా ఇంటికి అన్నం కుండ మోసుకొచ్చింది ఆమే. భయం ఆమెను అలా మాట్లాడించింది. ఆమె అటు పోగానే నేను అవ్వ మీద విరుచుకుపడ్డాను.

"సచ్చిపోయినంక ఇంక ఏం ఆయుష్షు తగ్గుతదే? పెండ్లి నాడు గడప కాడ ఆడిబిడ్డలు ఆపితె చెప్పలేదా పేరు? గప్పుడెట్ల చెప్పినవు?"

"గప్పుడు ఆయినెవలో నాకు తెల్వది బిడ్డా," అంది అవ్వ. "ఎవలదో పేరు చెప్పినట్టు చెప్పిన."

పొయ్యిలో కట్టెలు సర్దింది. ఉన్నట్టుండి, నేను అడగకుండానే, ఒక సంగతి చెప్పింది.

"వార్డుల నర్సమ్మ మందు తెచ్చి మీ పెద్దబాపు పేరే పిలిచేది."

నాకు ముందు అర్థం కాలేదు. "పిలిస్తె?"

"నేనే లేచి తీసుకుంటి."

"అంటె నీకు తెలుసా? గప్పుడే తెలుసా?"

"మొదటి దినమే తెలుసు."

పెద్దబాపును వార్డులో ఉండనివ్వలేదు. ఆయన బయట చెట్ల కింద పడుకుని పూటకోసారి వచ్చి చూసి పోయేవాడు. లోపల ఉన్నది అవ్వ ఒక్కతే. పూటపూటకూ బావ పేరు పిలవడం వింటూ, ఆ పేరు మీద వచ్చిన మందు పెనిమిటి నోట్లో పోస్తూ కూర్చుంది.

"మరి చెప్పకపోతివి? గా పేరు కాదని అనకపోతివి?"

"కాదంటె, మరి ఏందని అడుగుతరు గద బిడ్డా."

నేను పొయ్యిలోకి ఇంకొక కట్టె తోశాను. 

"పేరు ఏదైతేంది, మందు ఆయిన కడుపులకే పోతుంది గద అనుకున్న," అంది అవ్వ. "ఇప్పుడు కండ్లు మూస్తె గదే యాదికొస్తుంది. మందులు మీ పెద్దబాపు పేరు మీద రాసిరి. ఎములాడ సామి గుడ గదే పేరు ఇన్నడేమో. మీ పెద్దబాపుకు ఏండ్ల సంది దమ్ము ఉండె. గా దవాఖాన కాడికెల్లి వచ్చినంక దమ్ము లేదు, సూసినవా?"

అది నిజమే. పెద్దబాపు ఉబ్బసం, దగ్గు ఆగిపోయిన సంగతి ఇంట్లో అందరం చూశాం, చెట్ల గాలి పడిందని అనుకున్నాం. అవ్వ మాత్రం ఇన్ని నెలలుగా దాన్ని ఇలా లెక్క కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా మోస్తోంది. నాకు కోపం పోలేదు, కానీ దాని కింద భయం పుట్టింది. మా అవ్వ బాపును తనే పోగొట్టుకున్నానని నమ్ముతోంది. నేను ఎంత చదివి చెప్పినా ఆ నమ్మకం పోదని నాకు అప్పుడే తెలిసిపోయింది.

"అవ్వా, రోగం ముదిరి పోయిండు బాపు. పేరు తోని గాదు," అన్నాను.

"గట్లనే అను," అంది. నన్ను ఓదార్చినట్టే అంది.

మరునాడు పెద్దబాపు వచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు. అవ్వ తలుపు చాటున నిలబడింది. ఆయన ఎప్పటిలాగే నాతో మాట్లాడాడు, కానీ గొంతు పెంచి, తలుపు దాకా వినబడేలా.

"పిల్లా, మీ అవ్వకు చెప్పు. ఇగ కరీంనగరం వద్దు. నోరు విప్పమని ఎవ్వలు సతాయించద్దు. నేను సచ్చినట్టే ఉంట. కాగితం ప్రకారం నా పొలం నా కొడుకుల పేరు మీద పడుతది గద. పడనీ. గండ్లకెల్లి మీ పొలం ఎంతనో గంత మీకు తీసి ఇమ్మని నా కొడుకులకు చెప్పిన. పాలోళ్ళు గుంజుకుంటె గుంజుకోనీ వాగు ఒడ్డుది."

వెనకే వచ్చిన పెద్దవ్వ ఆ మాట పూర్తిగా వినకముందే నెత్తి కొట్టుకుంటూ వాకిట్లో కూలబడింది. నిన్నటి తిట్లు లేవు. "వద్దయ్యా, గట్ల అనకయ్యా" అని ఒకటే ఏడుపు. ఒక చేత్తో పుస్తె పట్టుకుని ఉంది. పెద్దబాపు ఆమె వైపు చూడలేదు. తమ్ముణ్ణి తన పేరు మీద పంపేశానన్న దిగులు ఆయనను కూడా తింటోందని నాకు ఆ రోజే తెలిసింది. చచ్చినట్టు ఉండిపోతే అది తీరుతుందని అనుకున్నాడేమో.

తలుపు చాటు నుంచి అవ్వ నన్ను పిలిచింది.

"రేపు కరీంనగరం పోదామని చెప్పు. అక్కను ఏడ్వద్దని చెప్పు."

పెద్దబాపుకూ పెద్దవ్వకూ నేను ఆ రెండు మాటలూ చెప్పాను.

ఈసారి పెద్దబాపు గదిలోకి రాలేదు. తను ఉంటే అవ్వ మాట్లాడదని తెలిసి, బయట మెట్ల మీదే కూర్చున్నాడు. డాక్టరు మమ్మల్ని గుర్తుపట్టాడు. ఈసారి గుమాస్తాను కూడా బయటికి పంపి, తలుపు దగ్గరికి వేయించాడు. ఆ మర్యాదకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

"ఎవరమ్మా చనిపోయింది?"

అవ్వ నోటి మీది కొంగు తీసింది. చేతులు రెండూ బల్ల అంచు మీద పెట్టింది, నిలబడడానికి పట్టు కావాలన్నట్టు. బాపు పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, మొదలు నుంచి చివరి దాకా, ఎక్కడా తడబడకుండా చెప్పింది. పెద్ద గొంతుతోనే చెప్పింది.  ఆ పేరు ఎంతమంది నోట విన్నానో, అవ్వ నోట అది ఎవరో కొత్త మనిషిదిలా ఉంది.

"మరి ఈ కాగితంలో ఉన్నాయన?"

"ఆయిన మా బావ. సల్లంగ ఉన్నడు. బయట కూసున్నడు."

డాక్టరు ఎర్ర సిరాతో ఒక పేరు కొట్టేసి, పక్కన ఇంకొక పేరు రాశాడు. వయసు దిద్దాడు. దిద్దిన చోటల్లా సంతకం చేసి ముద్ర వేశాడు. పేద జనానికి ఇంగ్లీషులో ఏం అర్థమవుతుందని, రాసింది తెలుగులో చదివి వినిపించాడు. ఫలానా ఊరి నివాసి, ఫలానా వారి కుమారుడు అంటూ బాపు పేరు చదివి, మరణించినాడు అన్నాడు. బాపు పేరూ ఆ మాటా కలిపి చెప్పడం అవ్వ వినడం అదే మొదలు. బాపు పోయిన రోజు వార్డులో బావ పేరు పిలిచి, ఆయన పోయాడని చెప్పారట.  అవ్వ డాక్టరుకు దండం పెట్టి, కాగితం తీసుకుని బయటికి నడిచింది.

పెద్దబాపు మెట్ల మీంచి లేచాడు. అవ్వ వైపు చూడకుండా నా వైపు చూసి, "అయ్యిందా బిడ్డా?" అన్నాడు.

నేను చెప్పేలోపు అవ్వ నన్ను దాటి ఆయన ముందుకు పోయి నిలబడింది. కొంగు భుజం మీదే ఉంది. మొహం పైకెత్తి, ఆయన కళ్ళలోకి చూసి, జన్మలో మొదటిసారి ఆయనతో మాట్లాడింది.

"బావా, నీ తమ్ముడు సచ్చిపోయిండు."

 పెద్దబాపు మెట్టు మీద కూలబడి, రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఔ బిడ్డా," అన్నాడు. "సచ్చిపోయిండు."

అవ్వ ఆయన పక్కనే, అదే మెట్టు మీద కూర్చుని గొంతెత్తి ఏడ్చింది. చుట్టూ జనం ఆగి, ఇప్పుడే ఎవరో పోయారనుకుని, మాకు దారి వదిలి పక్కకు జరిగారు.